హార్బర్ ఉప్పు, ఆనందపురం కనకాంబరాలు

2022 ఎండాకాలం. ఆనందపురం జంక్షన్ దాటి తగరపువలస వైపు వెళ్తూ, హైవే దిగి కొంత లోపలికి వస్తే మా షెడ్లు కనిపిస్తాయి. బోర్డు చూసి కనుక్కునేవాళ్ళు తక్కువ, ముక్కుతో కనుక్కునేవాళ్ళే ఎక్కువ. విశాఖపట్నం తినగా, ఓడలకెక్కించి పంపగా మిగిలినదంతా మా దగ్గరికే వస్తుంది. ఫిషింగ్ హార్బర్‌లో కోసిన చేపల తలకాయలు, పేగులు, రొయ్యల ఫ్యాక్టరీల్లో వలిచిన పొట్టు, చెరుకు ఫ్యాక్టరీలో రసం వడకట్టగా మిగిలే నల్లటి మడ్డి. ఈ మడ్డిని ప్రెస్‌మడ్ అంటారు. వీటన్నిటితో సేంద్రియ ఎరువు చేయడం మా పని. నేనక్కడ కెమిస్టుని. మీ అమ్మాయి ఏం చేస్తుందని ఎవరైనా అడిగితే మా అమ్మ "ల్యాబ్‌లో" అని చెప్పి మాట మార్చేసేది.

పని గురించి రెండు మాటలు చెప్పాలి, లేకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. మేం చేసేది పద్ధతిగా కుళ్ళబెట్టడం, అంతకు మించి ఏమీ లేదు. చేపల వ్యర్థం, రొయ్యపొట్టు, ప్రెస్‌మడ్, కొబ్బరి పొట్టు కలిపి పొడవాటి గట్టుగా పోస్తాం. దాన్ని విండ్రో అంటాం. లోపలి సూక్ష్మజీవులు పని మొదలుపెట్టగానే గట్టు వేడెక్కుతుంది. ఇనపచువ్వ గుచ్చి కాసేపాగి తీస్తే చేత్తో పట్టుకోలేనంతగా కాలాలి. ఆ రోజుల్లో కంపు కూడా గట్టిగానే కొడుతుంది. కంపు కొట్టి, కాలి, చల్లారాక మట్టివాసన వస్తే ఎరువు మాగినట్టు. చివర్లో ఇ.సి. మీటర్‌తో చూస్తాం. ఎలక్ట్రికల్ కండక్టివిటీకి పొట్టిపేరు అది. ఎరువులో ఉప్పు ఎంతుందో చెబుతుంది. మామూలుగా మాకు ఉప్పు బెడద లేదు. పచ్చి చేపలో ఉండే ఉప్పెంత?

హార్బర్‌లో మా డ్రమ్ములు చూసుకునే మనిషి నూకరత్నం. యాభై దాటినావిడ, మా వైపు అక్కని పిలిచినట్టు నేను అప్పా అని పిలిచేదాన్ని. ఒకప్పుడు ఎండుచేపల వ్యాపారం చేసేది. మోకాళ్ళు పట్టేశాక ఇసకలో తిరిగి చేపలు ఆరబెట్టడం కష్టమై, మా దగ్గర పనికి ఒప్పుకుంది. తెల్లారకముందే వేలంపాట మొదలవుతుంది. పాట అయ్యాక ఆడవాళ్ళు కత్తిపీటల ముందు కూర్చుని చేపలు కోస్తుంటే, ఆవిడ ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళి తలకాయలూ పేగులూ తెచ్చి మా నీలం డ్రమ్ముల్లో వేసేది. ఎవరైనా ప్లాస్టిక్ కవరు కలిపి వేస్తే ఇక వాళ్ళ పని అయిపోయినట్టే. హార్బరంతా వినపడేలా కడిగేసేది. చెత్త ఏరే పనిని అంత అభిమానంగా చేసేవాళ్ళని నేను చూడలేదు.

మొదట్లో ఓసారి అడిగింది. "ఇదంతా అట్టుకెళ్ళి ఏటి సేత్తారు పాపా?"

"ఎరువు చేస్తామప్పా. పూలతోటలకి, కూరగాయలకి."

"సేపలు తిని పూలు పూత్తాయేటి!" అని నోటికి చెంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. ఇంతలో వ్యాన్ డ్రైవరు హారన్ కొట్టాడు. ఆ సంగతి మీద మా ఇద్దరి మధ్యా జరిగిన మాటలు అవే.

ఇక ఆ పూలతోటల్లో ఒకటి సన్యాసినాయుడిది. మా షెడ్లకి దగ్గరే, ఎకరం కూడా ఉండదు. మొత్తం కనకాంబరాలే. ఆయన, ఆయన భార్య అప్పలనర్సమ్మ పొద్దున్నే పూలు కోసి ఆనందపురం మార్కెట్లో వేసి వచ్చేవాళ్ళు. ఆ తోట చుట్టూ ఉన్న పొలాలన్నీ ఎప్పుడో లేఅవుట్లయిపోయాయి. తెల్లరంగు వేసిన హద్దురాళ్ళు, తారురోడ్లు, అక్కడక్కడా మేడలు, వాటి మధ్యలో ఎర్రగా ఈ తోట. ఆ భూమి ముగ్గురన్నదమ్ముల ఉమ్మడిది. తమ్ముళ్ళిద్దరూ పట్నంలో ఉద్యోగాల్లో ఉన్నారు, అమ్మేద్దామని ఏళ్ళుగా పోరుతున్నారు. చివరికి ముగ్గురూ కూర్చుని ఒక మాట అనుకున్నారు. నాయుడు తోటలో పూలు కోసినన్నాళ్ళూ సంతకం అడగకూడదు. పూలు ఆగిన రోజున ఆయన అడ్డు చెప్పకూడదు. ఆ మాట నాకు నాయుడే చెప్పాడు. చెబుతున్నప్పుడు ఆయన మొహంలో గెలిచినవాడి ధీమా ఉంది. కనకాంబరం ఏడాది పొడవునా పూస్తుంది మరి.

ఆ ఏడాది ఆయనకి కొత్త తలనొప్పి వచ్చిపడింది. షెడ్డుకొచ్చి కుర్చీలో కూర్చోకుండానే మొదలెట్టాడు.

"అమ్మా, ఈపాలి వాసన లేంది ఇయ్యాల. మేడలోలు కిటికీలు మూసుకుని ఫోన్ల మీద ఫోన్లు సేత్తన్నారు. మొన్న పంచాయితీ నుంచి మనిషొచ్చినాడు. ఇంకోపాలి కంపొత్తే ఊరుకోరంట."

"చేపల పులుసు కావాలి, ఇల్లు మాత్రం వాసన రాకూడదంటే ఎలా నాయుడు గారూ?" అన్నాను.

ఆయన నవ్వలేదు. "ఆ మేడలోలే మా తమ్ముళ్ళకి ఎగదోత్తన్నారమ్మా. ఇదొక్కటి అమ్మీత్తే మా బాధ తీరిపోద్ది అంటన్నారు" అన్నాడు. పూర్తిగా మాగిన సరుకు తయారవగానే కబురు పెడతానని చెప్పి పంపించాను.

సరిగ్గా అదే సమయంలో మా వ్యాన్ ఇంజను చెడిపోయింది. షెడ్డుకి రావాల్సిన సరుకుతో వారం పాటు హార్బర్‌లో డ్రమ్ములు అలాగే నిలిచిపోయాయి. ఎండలు చూస్తే మండిపోతున్నాయి. వేరే బండి మాట్లాడి ఎట్టకేలకు సరుకు తెప్పించి గట్టు పోశాం. అయితే ఆ గట్టు వేడెక్కలేదు. చువ్వ గుచ్చి తీస్తే చల్లగా వస్తోంది. నీళ్ళు తక్కువయ్యాయేమోనని తడిపించాను, గాలి ఆడలేదేమోనని తిరగేయించాను. ఉలుకూ పలుకూ లేదు. కంపు కూడా లేదు, దగ్గరగా వంగితే ఎండుచేప వాసన లీలగా తగులుతోందంతే. ఇ.సి. మీటర్ ప్రోబ్ పాడై బాగుచేయడానికి పట్నం వెళ్ళింది. అది వచ్చేదాకా ఎవరూ ముట్టుకోకూడదని గట్టు మీద కర్ర పాతి ఎర్రగుడ్డ కట్టించాను.

నాయుడు రెండోసారి వచ్చింది అప్పుడే. నేను కబురు పెట్టకముందే ట్రాక్టరు తీసుకుని వచ్చేశాడు. తోటకి ఎరువు వేసే అదను దాటిపోతోందట. దాదాపు మాగిన పాత గట్టు దగ్గరికి తీసుకెళ్తే గుప్పెడు తీసి మూతి ముడిచాడు, ఇంకా కొంచెం వాసన ఉందన్నాడు. నాలుగడుగులు వేసి ఎర్రగుడ్డ గట్టు దగ్గర ఆగాడు. రెండు చేతులతో తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. "ఇదేనమ్మా నాకు కావాల్సింది" అన్నాడు.

"అది అవ్వలేదండి. ఏదో తేడాగా ఉంది. పరీక్ష చేయాలి."

మా ఓనరు అక్కడే ఉన్నాడు. "వాసన పోయిందంటే మాగినట్టే కదా సుజాతా?" అన్నాడు.

"వాసన పోలేదు సార్, అసలు రానేలేదు. వేడి కూడా ఎక్కలేదు."

"ప్రెస్‌మడ్ ఎక్కువ పడి ఉంటుందిలే. పట్టుకెళ్ళనీ."

నా దగ్గర అనుమానం ఉంది గానీ ఆధారం లేదు. అయినా మళ్ళీ వద్దన్నాను. ఓనరుతో ఉద్యోగి ఎంత గట్టిగా అనగలదో అంత గట్టిగానూ అన్నాను. నాయుడే నన్ను సముదాయించాడు. "నానే అడిగి తీసుకెళ్తన్నాను. నీకు మాట రాదులే అమ్మా." ట్రాలీ నిండా ఎత్తుకుని, మేడల ముందు నుంచి దర్జాగా తోలుకెళ్ళాడు. ఆ సాయంత్రం ఎవరూ ఫోన్ చేయలేదని మర్నాడు సంబరపడుతూ చెప్పాడు.

కొన్ని వారాలకి అప్పలనర్సమ్మ నుంచి ఫోన్ వచ్చింది. "అమ్మా, ఓపాలి రావాల. ఆకులు మాడిపోతన్నాయి. నీళ్ళెడితే ఇంకా ఎక్కువైపోతన్నాది."

వెళ్ళాను. మొక్కలు నిలబడే ఉన్నాయి, కానీ ప్రతి ఆకూ అంచుల వెంట గోధుమరంగుకి తిరిగి లోపలికి ముడుచుకుపోయింది. కంకులు విచ్చకుండానే రాలిపోతున్నాయి. మొదళ్ళ చుట్టూ, తడి ఆరిన చోటల్లా సన్నటి తెల్లపొర కట్టి ఉంది. చిటికెడు మట్టి తీసి నాలిక మీద వేసుకున్నాను. కాలేజీలో ఇలా చేస్తే మాస్టారు తిట్టేవారు. పొలంలో ఇంతకంటే తొందరగా చెప్పే పరికరం ఇంకోటి లేదు.

నాయుడు నా మొహమే చూస్తున్నాడు. "ఏటమ్మా?" అన్నాడు.

"ఉప్పు" అన్నాను.

"ఉప్పా? మన మడిలోకి ఉప్పెలగొచ్చింది?"

అప్పటికి నాకూ తెలియదు. అదే వారం మీటర్ తిరిగొచ్చింది. షెడ్డులో మిగిలిన ఎర్రగుడ్డ గట్టు నుంచి నమూనా తీసి మీటర్ పెడితే వచ్చిన పెద్ద అంకె చూసి మీటరే ఇంకా బాగవలేదేమో అనుకున్నాను. మంచినీళ్ళలో పెట్టి సరిచూసుకుని మళ్ళీ పెట్టాను. అదే అంకె. రొయ్యపొట్టు విడిగా, కొబ్బరి పొట్టు విడిగా చూశాను, ప్రెస్‌మడ్ విడిగా చూశాను. వాటిలో ఏమీ లేదు. మిగిలింది హార్బర్ ఒక్కటే.

నేను వెళ్ళేసరికి వేలంపాటలు అయిపోయి, వలలు బాగుచేసుకునేవాళ్ళు నీడ చూసుకుని కూర్చుంటున్నారు. నూకరత్నం డ్రమ్ములు కడుగుతోంది.

"అప్పా, మన బండి రాని రోజుల్లో డ్రమ్ముల్లో ఉప్పేసినావా?"

"ఏసినాను" అంది, తల పైకెత్తి. గొంతులో భయం లేదు. ఎవరో ఒకరు ఎప్పుడో అడుగుతారని ఎదురుచూస్తున్నట్టుంది. "ఐసు ఫేక్టరీ వోలు వొచ్చి, కంపు కొట్టేత్తన్నాది, డ్రమ్ములు తీసీయండి, నేకపోతే తిరగబోసేత్తాం అని ఒకటే గొడవ పాపా. నాను సూత్తా ఊరుకుంటానేటి? మా ఇంటికాడ ఎండుసేపలకి ఉంచిన ఉప్పు బస్తాలు తెచ్చి పొరకి పొర ఏసీసినాను. తలకాయలొక పొర, ఉప్పొక పొర. కంపు నేదు, పురుగు నేదు. మీ బండొచ్చినదాకా సరుకు సుక్కలాగున్నాది. ఆలు మళ్ళీ నోరెత్తలేదు."

అమ్ముడుపోని చేప సాయంత్రానికి ఉప్పులోకి వెళ్ళిపోవాలి. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ ఆవిడ చేతులు నేర్చిన పని అది. ఆవిడ అత్త చేసింది, అమ్మ చేసింది. మన సరుకు పాడైపోకూడదని తన ఇంటి ఉప్పు తెచ్చి పోసింది, అలా చేయమని ఎవరూ అడక్కుండానే. ఇప్పుడు నేను మెచ్చుకుంటానని చూస్తోంది. అబద్ధం చెప్పి వచ్చేయాలని నాకు గట్టిగా అనిపించింది. కానీ ఇంకోసారి బండి చెడిపోతే ఇంకోసారి ఉప్పు పడుతుంది. చెప్పాను. మా సరుకు కుళ్ళితేనే పనికొస్తుందని, ఉప్పు పడితే కుళ్ళదని, ఆ ఉప్పంతా వెళ్ళి ఒక పూలతోటలో పడిందని.

ఆవిడ చేతిలో చీపురు అలాగే ఉండిపోయింది. "సచ్చిపోనాయేటి మొక్కలు?" అంది.

"పోతున్నాయప్పా."

"నన్నట్టుకెళ్ళు ఆ కాడికి."

వద్దన్నా వినలేదు. ఆ రోజే మా వ్యాన్‌లో డ్రైవరు పక్కన కూర్చుని వచ్చింది. తోటలో దిగాక గట్టు మీద నిలబడి ఆ చివరి నుంచి ఈ చివరిదాకా చూసింది. నాయుడికి ఆవిడ ఎవరో నేను చెప్పబోతే, తనే ముందుకెళ్ళింది.

"బాబూ, ఉప్పేసింది నానే. మీ తోటకొత్తాదని నాకు తెల్దు. నాలుగు తిట్టీ."

నాయుడు తలకి చుట్టుకున్న తువ్వాలు విప్పి మళ్ళీ చుట్టుకున్నాడు. "నిన్ను తిట్టీసి ఏటి సేత్తానప్పా? నీ సరుకు నువ్వు కాపాడుకున్నావు. వాసన లేంది కావాలని నానే ఏరి తెచ్చుకున్నాను. ఈయమ్మ వొద్దంటన్నా తెచ్చుకున్నాను" అన్నాడు.

నూకరత్నం మోకాళ్ళ నొప్పితోనే ఒక మొక్క మొదట్లో కూలబడింది. తెల్లపొరను రెండు అరచేతులతో మెల్లగా గీకి చెంగులో పోసుకోవడం మొదలుపెట్టింది. ఎండుచేపలు తీసేశాక గోనెపట్టాల మీద మిగిలిన ఉప్పును వాళ్ళు అలాగే ఎత్తుకుంటారు. అది పనికిమాలిన పని. ఉప్పు ఆ పాటికే వేళ్ళదాకా దిగిపోయింది, పైన కనిపించేది ఏపాటి? ఆ మాట చెబుదామని నోరు తెరిచాను. అప్పలనర్సమ్మ ఇంట్లోంచి తట్ట ఒకటి తెచ్చి ఆవిడ పక్కన పెట్టింది, తనూ కూర్చుని గీకసాగింది. ఇద్దరూ అలా ఒక సాలు పొడవునా వెళ్ళారు. నాకు ఏడుపు ఆగక వెళ్ళి వ్యాన్‌లో కూర్చున్నాను.

మేం ఎరువు పంపే తోటని నూకరత్నం మొదటిసారి చూడటం అదే. అన్నాళ్ళూ పూస్తున్నప్పుడు ఎవరూ తీసుకెళ్ళలేదు. చచ్చిపోతున్నప్పుడు చూసింది.

ఉప్పు పట్టిన నేలకి మందు నీళ్ళే. మడి నిండా మంచినీళ్ళు నిలగట్టి, ఉప్పును కరిగించి, వేళ్ళ కిందికి దించేయాలి. లీచింగ్ అంటాం దాన్ని. ఆ ఎండాకాలంలో నాయుడి బావిలో బిందెలు ముంచుకునేటన్ని నీళ్ళే ఉన్నాయి. ట్యాంకర్లు తెప్పించి కొంత పోయించాం. పొడినేల వాటిని గుటకలో తాగేసింది. వానలు పడాలి, ఉప్పు దిగాలి, కొత్తగా నారు పోయాలి, అది పెరిగి పూతకి రావాలి. ఆ లెక్కన ఎన్నాళ్ళవుతుందో నాయుడికి నేను చెప్పక్కర్లేదు. మా ఓనరు వచ్చి, కొత్త తోటకి ఎరువంతా ఉచితంగా ఇస్తామన్నాడు. ఆ మాట వినగానే అప్పలనర్సమ్మ లేచి ఇంట్లోకి వెళ్ళిపోయింది.

పూలు ఆగిపోయాయని తమ్ముళ్ళకి తెలియడానికి ఎక్కువ కాలం పట్టలేదు. వచ్చారు. గొడవేమీ పడలేదని తర్వాత విన్నాను. అన్నగారిని చూసి వాళ్ళూ బాధపడ్డారట. చిన్నతమ్ముడైతే ఇంకో వానాకాలం ఆగుదామని కూడా అన్నాడట.

"మరి ఎందుకు ఆగలేదండి?" అని అడిగాను నాయుణ్ణి.

"మాటనుకున్నాం కదమ్మా. పూలు కోసినన్నాళ్ళే అన్నాను. ఆలు ఇన్నేళ్ళు ఆ మాట మీద నిలబడ్డారు. ఇప్పుడు నాను పక్కకి జరిగితే ఏటి బాగుంటాది?" అన్నాడు. మళ్ళీ తనే, "వొళ్ళు కూడా మొండికేత్తన్నాదిలే" అన్నాడు. ఆ రెండో మాట నా కోసం అన్నదని అర్థమైంది. తొలకరి పడకముందే సంతకాలు అయిపోయాయి. ఇప్పుడు అప్పలనర్సమ్మ మార్కెట్లో కనకాంబరాలు కొనుక్కుని, అక్కడే జంక్షన్‌లో కూర్చుని మాలలు కట్టి అమ్ముతుంది. నేను కనిపిస్తే పలకరిస్తుంది. నేనే ఎక్కువసేపు నిలబడలేను.

నూకరత్నం మా డ్రమ్ముల పని మానేసింది. "నా సెయ్యి దానికి పనికిరాదు పాపా, మళ్ళీ ఉప్పు కాడికే పోద్ది" అని ఎండుచేపల దగ్గరికి వెళ్ళిపోయింది, ఆ మోకాళ్ళతోనే. ఆ తర్వాత మా దగ్గర డ్రమ్ములు నింపడానికి ఎవరు చేరినా, పని మొదలెట్టకముందు నేనే ఏదో ఒక తోటకి తీసుకెళ్తాను. మీరు వేసింది ఇక్కడికి వచ్చి ఈ మొక్కలోకి వెళ్తుందని చూపిస్తాను. వ్యాన్ డీజిల్ వృథా అని ఓనరు గొణుగుతాడు, గొణగనిస్తాను. పని బాగా చేసే మనిషికి ఆ పని చివర ఏముందో చూపించకపోతే, ఆ మంచితనమే ఎక్కడో ఒకచోట చేటు చేస్తుంది. ఈ ఉద్యోగంలో నేను నేర్చుకున్నవాటిలో ఇంత ఖరీదైన పాఠం ఇంకోటి లేదు, ఆ ఖరీదు కట్టింది నేను కాదు.

వానాకాలం వెళ్ళాక ఒకసారి ఆ లేఅవుట్ పక్క నుంచి నడిచి వస్తూ ఆగాను. కనకాంబరాల మడి ఉన్నచోట హద్దురాళ్ళు పాతేశారు, రోడ్డుకి కంకర పోస్తున్నారు. ఎందుకో వంగి రెండు రాళ్ళ మధ్య నుంచి గుప్పెడు మట్టి తీసి సంచిలో వేసుకున్నాను. షెడ్డులో నీళ్ళు కలిపి మీటర్ పెట్టి చూశాను. ఉప్పు దిగిపోయింది. ఏ మొక్క పెట్టినా బతికే నేల.

హార్బర్‌కి వెళ్ళినప్పుడల్లా నూకరత్నం ఇప్పటికీ అడుగుతుంది. ఎండబెట్టిన నెత్తళ్ళను చేటలోకి ఎత్తుతూ, నా వైపు చూడకుండా అడుగుతుంది.

"ఆ నాయుడుబాబు మడి ఎలగున్నాది పాపా? వానలకి ఉప్పంతా కడుక్కుపోనాదా?"

"కడుక్కుపోనాదప్పా" అంటాను.

ఆవిడ హమ్మయ్య అనుకుని మళ్ళీ చేట అందుకుంటుంది. నేను చెప్పింది అబద్ధం కాదు.